ఖాళీ జీను

చిల్దిర్ సరస్సు గడ్డకట్టాక
మా నాన్న దాని మీద గుర్రపు బండి తోలతాడు,
చక్రాల్లేని బండి, కింద రెండు ఇనప పట్టాలు.
ఇస్తాంబుల్ వాళ్ళు ఎక్కి ఫొటోలు దిగుతారు.
ఇంట్లో అమ్మ పొయ్యికి వీపు ఆనించి కూర్చుంటుంది.
జూలైలో కూడా ఉన్ని శాలువా తియ్యదు.

పందొమ్మిదేళ్ళ చలి. నా వయసూ అంతే.

కనుబొమల కొసలు రాలిపోయాయి.
మాట నెమ్మదించింది,
చలికాలపు తేనె సీసాలోంచి దిగినట్టు.
వదినలు బద్ధకమన్నారు.
దిష్టని ఒకావిడ సీసం కరిగించి
తల మీద పట్టిన నీళ్ళ పళ్ళెంలో పోసింది.
కార్స్‌లో ఒక డాక్టరు ఇనుము మాత్రలు రాశాడు,
ఇంకొకాయన మనసు బాగోలేదన్నాడు.
కాన్పు ఎలా అయిందని ఎవరూ అడగలేదు.

మొన్న జనవరిలో జ్వరమొచ్చి
బాతుల మేత పళ్ళెంతో సహా మంచులో కూలబడింది.
ఎర్జురుమ్ ఆసుపత్రిలో బెర్రిన్ డాక్టరమ్మ
మంచం అంచున కూర్చుని ముందు అదే అడిగింది:
"పిల్లకి పాలిచ్చావా?"

అమ్మ నా వైపు చూడలేదు.
"చుక్క పడలేదు. పక్కింటి గ్యుల్పెరి ఇచ్చింది."
"నెత్తురు?"
"దారి మూసుకుపోయింది. మూడు పరుపులు తడిశాయి."

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టింది.
పుర్రె అడుగున చిన్న ఎముక గుంట.
"దీన్ని మేం టర్కీ జీను అంటాం."
నాన్న అప్పుడు తలెత్తాడు. జీనులు ఆయనకి తెలుసు.

"దీని మీద శనగగింజంత గ్రంథి కూర్చుంటుంది, పిట్యూటరీ.
పైన హైపోథాలమస్ ఉండి కబుర్లు పంపుతుంది.
ఒళ్ళు చల్లబడిందనుకో, ఈ రౌతు ఆ మాట అందుకుని
మెడలోని థైరాయిడ్‌కి చేరేస్తాడు.
కిడ్నీల నెత్తిమీది గ్రంథులకి ఇంకో మాట,
అండాశయాలకి వేరే మాట.
కావలసినంత పుట్టగానే ఆ సంగతి పైకి తెలుస్తుంది,
కబుర్లు తగ్గుతాయి."

"పిడకలు వేసినట్టే," అంది అమ్మ.
"గది వేడెక్కితే చెయ్యి దానంతటదే ఆగుతుంది."

"అదే. కడుపుతో ఉన్నప్పుడు పాల కోసం ఆ గ్రంథి ఉబ్బుతుంది.
ఉబ్బినదానికి రక్తం ఎక్కువ కావాలి.
నీకు సరిగ్గా అప్పుడే పోయింది."

నాన్న ఫిల్ము మీద వేలు పెట్టాడు.
"ఖాళీ జీను."

పందొమ్మిదేళ్ళు పైనుంచి కేకలు పడుతూనే ఉండి ఉంటాయి,
వేడి పుట్టించు, లేపు, నిలబెట్టు అని.
మోసుకెళ్ళే మనిషి లేడు.
ఆ రౌతుని దింపేసింది నేనే కదా అనుకున్నాను.
అనుకోవడమేంటి, పైకే అనేశాను.

అమ్మ చాలాసేపు దుప్పటి అంచు పీకుతూ కూర్చుంది.
"నా మనసు రాయి కాబట్టి పాలు రాలేదన్నారే మీ మేనత్తలు.
నేనూ నమ్మాను.
గ్యుల్పెరి ఒళ్ళో నువ్వు చప్పరిస్తుంటే
గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.
నీకిష్టం లేక ఇవ్వలేదని నువ్వనుకుంటావేమోనని
ఇన్నాళ్ళూ భయం."

డాక్టరమ్మ ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది.

చిన్న తెల్లమాత్ర ముందు, థైరాయిడ్ మాత్ర కొన్నాళ్ళు ఆగి.
వరస తారుమారైతే ప్రాణం మీదికొస్తుందట.
జ్వరమొస్తే తెల్లమాత్ర రెండింతలు.
రౌతు తిరిగి రాడు,
అతని పని మాత్రం గడియారం చూసి నేను చేస్తాను,
పొద్దున ఏడుకీ, మధ్యాహ్నం రెండుకీ.

ఏప్రిల్ చివర సరస్సు పగిలిన వారం,
అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది.
చేతిలో పిడక, పొయ్యి నోటి దాకా వెళ్ళి
ఆగింది.

"ఆ కిటికీ తియ్యవే," అంది. "ఉక్క.
మీ నాన్న బూట్లు కూడా బయట పెట్టు, గుర్రం కంపు."